మిల్లు గేటు దగ్గర

మగవాళ్ల చేత సిగరెట్టు మాన్పించడం ఎలాగో ఏ ఇల్లాలినైనా అడగండి, పుస్తకానికి సరిపడా ఉపాయాలు చెబుతుంది. జేబులో సిగరెట్టు పెట్టె తీసేసి లవంగాలు పెట్టినవాళ్లున్నారు. వెంకన్నకు మొక్కుకున్నవాళ్లున్నారు. అలిగి పుట్టింటికి పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఇల్లంతా పీకలే! ఇన్ని ఉపాయాల్లో ఒక్కటీ ఎందుకు పారదో నాకు తెలియజెప్పింది ఏ డాక్టరూ కాదు, ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు గేటు.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, నన్నిచ్చింది ఆదోనికి. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. పత్తి ఉన్నచోట నిప్పు పనికిరాదు కదా, లోపల ఎంతటివాడైనా అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు. పొద్దున ఎనిమిదికి వెళ్లిన మనిషి ఒంటిగంట దాకా పొగ ఊసెత్తరు. చెయ్యి వణకదు, విసుగుండదు. మిల్లు కూత వినబడి, గేటు కనబడిందా, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది! అదే మనిషి ఆదివారం ఇంట్లో అరగంట ఆగలేరు. "నరాలు లాగేస్తున్నాయే" అంటారు. మరి ఆ నరాలు మిల్లులో ఏమైపోయాయండీ?

ఇది మా ఇంటి సంగతే అనుకోకండి. ఇజ్రాయెల్‌లో, పొగతాగే అలవాటున్న విమాన సిబ్బంది మీద చేసిన పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. నాలుగైదు గంటల ప్రయాణం ముగిసేటప్పుడు వాళ్లకు కలిగిన తహతహ, ఎనిమిది గంటలు పైబడిన ప్రయాణంలో అన్నే గంటలు గడిచినప్పుడు కలగలేదట. అంటే తాగి ఎంతసేపయిందన్నది కాదు, ఇంకెంతసేపట్లో దొరుకుతుందన్నదే అసలు లెక్క. వాళ్లకు విమానం తలుపు, మా ఆయనకు మిల్లు గేటు.

రష్యాలో పావ్లోవ్ అనే పండితుడు కుక్కకు కూడు పెట్టేముందు రోజూ ఒక చప్పుడు వినిపించాడు. కొన్నాళ్లకు కూడు లేకపోయినా ఆ చప్పుడుకే దానికి నోరూరింది. మా ఇంట్లో ఆ చప్పుడు టీ గ్లాసుది. ఈ మాట అన్నందుకు, కుక్కతో పోల్చానని మా ఆయన రెండురోజులు నాతో మాట్లాడలేదు.

అమెరికాలో స్కిన్నర్ అనే ఆయన ఎలుకల చేత మీట నొక్కించాడు. నొక్కగానే తిండి పడితేనే ఎలుక చప్పున నేర్చుకుంటుంది. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిను మెదడుకు చేరుతుంది. ఆయాసం వచ్చేది ఇరవై ఏళ్లకు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, ఇక్కడ ముందొచ్చిందే గెలుస్తుంది. పైగా నికోటిను తగ్గితే పుట్టే చిరాకును మళ్లీ నికోటినే తీరుస్తుంది, అప్పిచ్చినవాడే వచ్చి ఓదార్చినట్టు. ఇక మన కేకలంటారా? కేకకు చిరాకు, చిరాకుకు సిగరెట్టు. మన తిట్టూ ఒక టీ గ్లాసు చప్పుడే!

మరి మొదటి సిగరెట్టు ఎవరు నేర్పుతారు? 1961లో బాండూరా అనే శాస్త్రజ్ఞుడు, పెద్దవాళ్లు ఒక బొమ్మను చావబాదుతుంటే పిల్లలకు చూపించాడు. తరవాత పిల్లలూ దాన్ని అలాగే బాదారు. ఎవరూ వాళ్లను బాదమనలేదు. నా చిన్నతనంలో ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నాడె ఆపి, "ఒరే, ఒక కట్ట బీడీలు పట్రాపో, మిగిలిన పైసలు నీకే" అనేవాళ్లు. మిగిలిన పైసలకు పిప్పరమెంటు. పిల్లవాడికి బీడీ కట్టా, తీపీ ఒకేసారి చేతికొచ్చేవి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మరాదని చట్టం వచ్చింది 2003లో. మన ఆడవాళ్లమూ తక్కువ తినలేదు లెండి. మా జేజి పంటినొప్పికని దవడన ఇంత పొగాకు పెట్టుకుంది. నొప్పి పోయింది, కొన్నాళ్లకు పన్నూ పోయింది, పొగాకు మాత్రం ఉండిపోయింది.

మా ఆయనకు ఛాతీలో పట్టినట్టయ్యాక నేను కేకలు మానేసి చోట్లు మార్చాను. టీ అరుగుమీద కాదు, వంటింట్లో నా ఎదుట పీట మీద. జేబులో వేయించిన శనగలు. మిల్లు నుంచి వెనక గేటు దారి. మొదటి వారం ఇంట్లో గిన్నెలు ఎగిరాయి. తరవాత సర్దుకుంది. రెండేళ్లు గడిచాయి.

పోయిన జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు వెళ్లాం. పాత స్నేహితులు, పాత టీకొట్టు. "జాతర దాకా ఆగినా, అక్కడ ఆగలేకపోయినానే" అని రాత్రి ఆయనే చెప్పారు. చచ్చిందనుకున్న అలవాటు కొంత ఎడం ఇస్తే మళ్లీ లేవడం పావ్లోవ్ తన కుక్కల్లోనే చూశాడు. అందుకని నాకు ఆయన మీద కోపం రాలేదు. నాకు గుబులు పుట్టించింది వేరే. ఆ టీకొట్టు దగ్గర వాళ్ల నాయన పక్కన పదకొండేళ్ల మా చిన్నవాడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, వాళ్ల నాయన అంత సంతోషంగా నవ్వడం వాడు ఆరోజు చూశాడట.

ఈ ఏడు తేరు చూడడానికి తండ్రినీ కొడుకునీ మా మేనత్తగారి మిద్దెమీదికి ఎక్కించాను. తేరు బాగా కనబడుతుంది. టీకొట్టు కనబడదు.