గాలము నేర్పిన పాఠము



హైదరాబాదులో జూబ్లీహిల్స్ అనగానే అందరికీ సినిమాయే గుర్తొస్తుంది. ఈ రాతి కొండల పక్కన 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసింది. తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మద్రాసులో ఉన్న తెలుగు చిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా ఇక్కడకు తరలివచ్చింది. అయితే ఆ పెద్ద బంగళాల వెనుక, ఫిల్మ్‌నగర్ వాలు మీద ఇరుకు సందుల బస్తీలు కూడా ఉన్నాయి. లైట్లు మోసేవారు, సెట్లు కట్టే వడ్రంగులు, జూనియర్ ఆర్టిస్టులు అక్కడ కాపురముంటారు. మా సంఘములో అటువంటి కుటుంబాలే ఎక్కువ.

వారిలో ఒక లైట్‌మన్ ఉన్నారు. భీమవరం ప్రాంతమువారు, మాకంటే పదేళ్లు పెద్దవారు. భార్య ప్రభువునందు నిద్రించిన తరువాత ఆయన మందిరానికి రావడం మానివేశారు. మేము మూడుసార్లు వారి ఇంటికి వెళ్లాము. వాక్యము చదివాము, ప్రార్థన చేశాము. ఆయన కుర్చీ వేసి, టీ ఇచ్చి, మౌనముగా కూర్చునేవారు. మూడుసార్లూ బరువైన మనస్సుతో తిరిగి వచ్చాము.

నాలుగవసారి వెళ్లినప్పుడు ఏమి మాట్లాడాలో తోచక, అమెరికాలోని సియాటిల్ దగ్గర ఉద్యోగము చేస్తున్న మా సంఘపు యువకుని కబురు చెప్పాము. అక్కడ స్టీల్‌హెడ్ అనే చేప ఉన్నది. ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏటికే వస్తుంది. కొన్ని గుంపులు నడి చలికాలములో తీరపు ఏరులు ఎక్కుతాయి. వెయ్యిసార్లు గాలము విసిరితే ఒక్కటి దొరుకుతుందని అక్కడివారు అంటారట. ఈ అబ్బాయి రెండు చలికాలాలు చన్నీళ్లలో నిలబడి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడట.

ఆయన మొదటిసారి నవ్వారు. “నీళ్లు చదవడం రాకపోతే అంతే అయ్యగారూ. చిన్నప్పుడు మా కాలవ గట్టున నేనూ అలాగే కూర్చున్నాను. సోమవారం షూటింగ్ లేదు. వస్తారా?” అన్నారు.

ఆ డిసెంబరులో మా సోమవారాలు అలా మొదలైనవి. పక్కనే దుర్గం చెరువు ఉండగా అంత దూరము ఎందుకని అడిగాము. ఒకనాడు గోల్కొండ కోటకు త్రాగునీరు ఇచ్చిన చెరువు అది. 2020లో దాని మీద తీగల వంతెన ప్రారంభమైనది. “ఫోటోకి బాగుంటుంది అయ్యగారూ, మురుగు చేరిన నీళ్లలో చేప మనకొద్దు” అన్నారాయన. కాబట్టి తెల్లవారుజామున షేక్‌పేట, నార్సింగి మీదుగా వెళ్లాము. 1908 మూసీ వరద తరువాత కట్టించి, 1920లో పూర్తి చేసిన గండిపేట జలాశయము దాటి, శంకర్‌పల్లి దారిలో ఒక ఊరి చెరువు చేరాము. ముందుగా ఆ ఊరి మత్స్యకారులను అడిగి, వారు సరేనన్న తరువాతే గట్టు దిగాము.

మేము పట్టబోయేది కొరమీను. ఇక్కడివారు కొర్రమట్ట అంటారు. తెలంగాణ రాష్ట్రపు చేప అదే. బొచ్చె, రవ్వ చేపలకు తవుడు ముద్ద చాలు గాని దీనికి కప్పపిల్ల కావాలి. దేవుడు దీనికి మొప్పలతోపాటు గాలి పీల్చుకొనే అవయవమును కూడా ఇచ్చాడు. అందుచేత అది అప్పుడప్పుడు పైకి వచ్చి ఊపిరి తీసుకోవాలి. అక్కడ నీళ్ల మీద చిన్న సుడి లేస్తుంది. “అది ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూడండి. ముందు చూడటం, తరువాతే వేయడం” అన్నారాయన.

మొదటి సోమవారము బెండు కదలగానే లాగివేశాము. ఎర ఊడిపోయింది. “నోట పెట్టుకొని తిప్పుకోనివ్వండి. దారం బిగిశాక లాగండి” అన్నారు. రెండవ సోమవారము మా నీడ నీళ్ల మీద పడుతున్నదని వెనక్కు జరిపారు. మూడవ సోమవారము గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, “మాటకంటే అడుగుల అదురు చేపకు ముందు తెలుస్తుంది, కూర్చోండి” అన్నారు. చలికి చేపలు మందముగా ఉంటాయి గనుక ఎండెక్కే దాకా ఊరక కూర్చోవాలి. ఇరవై ఏళ్ల సేవలో ఎవరి పక్కనా అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నట్టు మాకు గుర్తు లేదు.

నాలుగవ సోమవారము, బెండు మీద నుండి చూపు తిప్పకుండానే ఆయన అన్నారు: “అయ్యగారూ, మా ఆవిడను సమాధి చేసిన రోజు మీరు గంటసేపు ప్రసంగించారు. మంచి ప్రసంగమే. వీధివాళ్లందరూ విన్నారు. కాని మీరు నా పక్కన ఒక్క నిమిషం కూర్చోలేదు.”

మా దగ్గర జవాబు లేదు. ఆ దినము అంత జనము దొరికినదని వల వేశామే గాని, ఎదుట ఉన్న ఒక్క మనిషిని చూడలేదు. “క్షమించు అన్నా” అన్నాము. ఆయన తల ఊపారు. ఆ ఉదయము దొరికిన ఒక్క చేప ఆయన గాలానికే తగిలింది.

సువార్తలలో చేపల వేట అంటే దాదాపు అంతా వలలే. గాలము వేయమని ప్రభువు పేతురుకు చెప్పినది ఒక్కచోటే, మత్తయి 17:27లో. అక్కడ కావలసినది ఒకే ఒక్క చేప. ఆ వాక్యము మీద ఎన్నోసార్లు ప్రసంగించాము, కాని నాణెమును గూర్చియే చెప్పాము గాని గాలమును గూర్చి ఎన్నడూ ఆలోచించలేదు. వలకు బలము కావాలి. గాలమునకు ఓపిక కావాలి. సేవకు రెండూ కావాలి.

ఆయన ఇంకా ఆదివార ఆరాధనకు రావడము లేదు. మేమూ అడగలేదు. అయితే గత నెల మా బస్తీలోని ఒక ఇంట మరణము సంభవించినది. పది నిమిషాలలో వాక్యము ముగించి, బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లి దగ్గర చాప మీద కూర్చున్నాము. కాసేపటికి ఎవరో వచ్చి మా పక్కన మౌనముగా కూర్చున్నారు. తల తిప్పి చూస్తే ఆయనే.

ప్రియ పాఠకులారా, మీ సంఘములోను, మీ వీధిలోను ఖాళీ అయిన కుర్చీ ఒకటి ఉండవచ్చును. ఆ కుర్చీలో కూర్చునే మనిషి దగ్గరకు ఈ వారము వెళ్లండి. మాటలు సిద్ధము చేసుకొని వెళ్లనక్కరలేదు. కాస్త తీరిక చేసుకొని వెళ్లండి. అట్టి ఓపికను ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.