ఇంకొక్క వికెట్ కోసం

ఫరీదాబాద్‌లో నాహర్ సింగ్ స్టేడియం గోడ పక్కనుంచి మనలో చాలామంది రోజూ స్కూలు బస్సులో వెళ్తాం. పూర్వం దాన్ని మయూర్ స్టేడియం అనేవారు. 2006 మార్చి తర్వాత అక్కడ అంతర్జాతీయ మ్యాచ్ ఏదీ జరగలేదు కాబట్టి మనకి అదొక పాత గోడ, అంతే. కానీ కపిల్ దేవ్ భారత జట్టుకి చివరిసారిగా ఆడింది అక్కడే. 1994 అక్టోబరు 17న వెస్టిండీస్‌తో జరిగిన వన్డే అది. అప్పటికి ఆయనకి 35 ఏళ్ళు. టెస్టుల్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ వికెట్లు, 434, ఆయనవే.

ఆ 434 గురించి మా ఇంట్లో ఈ వేసవిలో పెద్ద వాదన జరిగింది. వయసు మీదపడిన బౌలర్‌ని ఒక అంకె అందుకునేదాకా జట్టులో ఉంచడం న్యాయమేనా అన్నది వాదన. నాన్న ఒక వైపు, అమ్మ ఒక వైపు. ఇద్దరి మాటలూ విన్నాక నాకు తోచింది రాస్తున్నాను. ఇది క్రికెట్ ఇష్టం లేనివాళ్ళకి కూడా పనికొస్తుందని అనుకుంటున్నాను. ఎందుకంటే బదిలీల మీద బతికే మన ఇళ్ళలో "ఇంకొన్నాళ్ళు ఉంటే ఇది పూర్తయ్యేది" అనే మాట వినని పిల్లలు ఉండరు.

ముందు కపిల్ సంగతి. 1978 అక్టోబరులో పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో మొదటి టెస్టు ఆడాడు. అప్పటికి మన దేశంలో బౌలింగ్ అంటే స్పిన్నే. కొత్త బంతి మెరుపు పోగొట్టడానికి ఎవరో ఒకరు నాలుగు ఓవర్లు వేసి స్పిన్నర్లకి ఇచ్చేసేవారు. అలాంటి చోట చండీగఢ్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు నిజంగా వేగంగా బంతి వేశాడు. పదహారేళ్ళలో 131 టెస్టులు ఆడితే, మధ్యలో తప్పిపోయింది ఒక్కటంటే ఒక్కటే. అదీ గాయం వల్ల కాదు. 1984 డిసెంబరులో మన ఢిల్లీ కోట్లా మైదానంలో ఇంగ్లండ్ మీద ఓడిపోయిన టెస్టులో అనవసరమైన షాట్ కొట్టాడని తర్వాతి కలకత్తా టెస్టుకి పక్కనపెట్టారు. బండరాళ్ళలాంటి మన పిచ్‌ల మీద అన్నేళ్ళు వేగంగా బంతులేసి, గాయం వల్ల ఒక్క టెస్టు కూడా మానలేదంటే ఆ శరీరం ఎంత కష్టపడి ఉంటుందో ఆలోచించండి.

1992 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆయనకి 400వ వికెట్ దొరికింది. ముందున్నది ఒక్కడే, న్యూజీలాండ్ బౌలర్ రిచర్డ్ హాడ్లీ. హాడ్లీ 86 టెస్టుల్లోనే 431 తీసి, 1990లో తన ఆఖరి బంతికి కూడా వికెట్ పడగొట్టి ఆట చాలించాడు. కపిల్‌కి కావలసినవి ఇంకో ముప్పై పైచిలుకు. ముప్పై మూడేళ్ళ వయసు. వేగం తగ్గింది. బయటికి స్వింగయ్యే బంతి మాత్రం పోలేదు. ఆ ముప్పై పైచిలుకు వికెట్లకి రెండేళ్ళు పట్టింది.

అమ్మ వాదన ఇక్కడ మొదలవుతుంది. ఆ రెండేళ్ళలో మన దేశంలో ఆడిన టెస్టులు గెలిపించింది స్పిన్నర్లు. అనిల్ కుంబ్లే, వెంకటపతి రాజు, రాజేష్ చౌహాన్ ముగ్గురూ ఆడేవారు. మిగిలేవి రెండే పేస్ బౌలర్ల స్థానాలు. ఒకటి కపిల్‌ది, రెండోది ఘాజియాబాద్‌లో పుట్టిన మనోజ్ ప్రభాకర్‌ది. మైసూరు కుర్రాడు జవగళ్ శ్రీనాథ్ 1991 నవంబరులో బ్రిస్బేన్‌లో మొదటి టెస్టు ఆడేశాడు. ఆ జట్టులో అందరికంటే వేగం అతనిదే. అయినా స్వదేశంలో మ్యాచ్ వస్తే బయట కూర్చునేవాడు. మన గడ్డ మీద అతను మొదటి టెస్టు ఆడింది 1994 నవంబరులో, బొంబాయిలో. అంటే కపిల్ వెళ్ళిపోయాకే. అతను చివరికి 67 టెస్టుల్లో 236 వికెట్లు తీశాడు.

"బెంచీ మీద కూర్చున్న ఆ మూడేళ్ళు అతనికి ఎవరు తిరిగిస్తారు?" అని అమ్మ అడుగుతుంది.

నాన్న దగ్గర దీనికి జవాబుంది. 1994 ఫిబ్రవరి 8, మంగళవారం. నాన్న అప్పుడు విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ ఎదురుగా టీవీలమ్మే షాపు ముందు నిలబడి చూశాడట. అహ్మదాబాద్‌లో శ్రీలంకతో మూడో టెస్టు. బెంగళూరు టెస్టులో హాడ్లీతో సమానమయ్యాడు, ఇంకొక్కటి కావాలి. కపిల్ వేసిన బంతి హసన్ తిలకరత్నే బ్యాటుకి తగిలి లేచింది, ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో సంజయ్ మంజ్రేకర్ పట్టేశాడు. 432. స్టేడియంలో 432 బెలూన్లు ఎగరేశారు. షాపు ముందున్నవాళ్ళలో ఒకరికొకరు పరిచయం లేదు, అయినా కౌగిలించుకున్నారట. "బయట కూర్చున్న ఒక్కడి బాధ నిజమే. కానీ ఆ రోజు దేశమంతా పొందిన ఆనందానికి లెక్క కట్టగలవా?" అంటాడు నాన్న. పైగా కపిల్ ఊరికే కూర్చుని తినలేదని గుర్తుచేస్తాడు. 1992 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో 31 పరుగులకే ఆరు వికెట్లు పడిపోతే, ఆయనొక్కడే నిలబడి 129 కొట్టాడు. జట్టు మొత్తం చేసింది 215.

ఈ కథలో మన తెలుగువాళ్ళని ఎవరూ తలుచుకోరని నా ఫిర్యాదు. ఆ అహ్మదాబాద్ టెస్టులో కెప్టెన్ హైదరాబాద్‌కి చెందిన అజారుద్దీన్. బంతి ఎవరికివ్వాలో తేల్చుకోవలసింది ఆయనే. ఆ మ్యాచ్‌ని నిజంగా గెలిపించింది వెంకటపతి రాజు. తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో పుట్టి హైదరాబాద్ తరఫున ఆడిన ఎడమచేతి స్పిన్నర్. మొదటి ఇన్నింగ్స్‌లో 38 పరుగులకి 5, రెండో ఇన్నింగ్స్‌లో 87 పరుగులకి 6, మొత్తం 11 వికెట్లు. అతని టెస్టు జీవితంలో అంతకంటే మంచి మ్యాచ్ లేదు. ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. కానీ 1994 అహ్మదాబాద్ అంటే అందరికీ ఒకే ఒక్క వికెట్ గుర్తు. రాజు, శ్రీనాథ్ ఇద్దరూ 1969లో పుట్టినవాళ్ళే. ఒకడు ఆడి మరుగున పడ్డాడు, ఒకడు ఆడకుండా మరుగున ఉన్నాడు. పెద్ద అంకె వెలుగు అలాంటిది. పక్కవాళ్ళు కనబడరు.

మరి అంత కష్టపడి అందుకున్న అంకె ఎన్నాళ్ళుంది? 2000 మార్చిలో వెస్టిండీస్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్ దాన్ని దాటేశాడు. ఆరేళ్ళు, అంతే. మన దేశపు రికార్డు ఇంకొన్నేళ్ళు నిలిచింది. 2004 డిసెంబరులో దాన్నీ ఒకరు దాటారు. ఆయన ఎవరో కాదు, అహ్మదాబాద్‌లో ఆ రోజు కపిల్‌తో పాటు ఆడిన అనిల్ కుంబ్లే.

కుంబ్లే వీడ్కోలు కూడా మన ఢిల్లీలోనే జరిగింది. 1999 ఫిబ్రవరిలో పాకిస్తాన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో పదికి పది వికెట్లు తీసిన ఆ కోట్లాలోనే, 2008 నవంబరు 2న ఆట చాలించాడు. ఆయనే కెప్టెన్. ఆస్ట్రేలియాతో సిరీస్ ఇంకా మిగిలే ఉంది. ఎడమచేతి చిటికెన వేలు చీలి కుట్లు పడ్డాయి. ఆ చేత్తో తర్వాతి టెస్టు పూర్తి బలంతో ఆడలేననుకున్నాడు. అప్పటికి 619 వికెట్లు. ఇంకొక్కటి తీస్తే 620 అని గుండ్రంగా ఉండేది. అందుకోసం ఆగలేదు.

మూడో దారి కూడా ఉంది. 2010 జులైలో శ్రీలంక స్పిన్నర్ మురళీధరన్ గాలె టెస్టే తన చివరిదని ముందే చెప్పేశాడు. అప్పటికి 792. దొరికితే 800, లేకపోతే లేదు. మన మీదే ఆడాడు. ఏడు వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో మన లక్ష్మణ్ రనౌటయ్యాక మిగిలింది ఒకే వికెట్. ఢిల్లీ ఇషాంత్ శర్మ, హైదరాబాద్ తరఫున ఆడే ప్రజ్ఞాన్ ఓఝా చాలాసేపు అడ్డుకున్నారు. చివరికి స్లిప్‌లో మహేల జయవర్ధనే ఓఝా క్యాచ్ పట్టాడు. 800. తేదీ ముందే పెట్టుకున్నాడు కాబట్టి ఎవరి చోటూ ఆక్రమించాడనే మాట రాలేదు.

ఇంతకీ ఈ వాదన మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, మా నాన్న కూడా బౌలరే. అంటే ఆఫీసు జట్టులో. 2000లో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆఫీసు టోర్నమెంట్లలో, ఆదివారం మ్యాచుల్లో తీసిన ప్రతి వికెట్‌నీ ఒక పాత ఎల్ఐసీ డైరీలో రాసుకుంటున్నాడు. విశాఖపట్నంలో కొన్ని, భిలాయ్‌లో కొన్ని, నాగపూర్‌లో కొన్ని. ఊరు మారినప్పుడల్లా టీమూ మైదానమూ పోతాయి, లెక్క మాత్రం సామానుతో పాటు లారీ ఎక్కుతుంది. ఈ ఏప్రిల్‌కి 291. నాన్నకి 49 ఏళ్ళు. మూడు వందలతో మానేస్తానని చెప్పేవాడు. అంతలో గువాహటికి బదిలీ ఆర్డరు వచ్చింది. రిలీవయ్యేలోపు నాలుగు ఆదివారాలు.

టీమ్‌లో అందరూ "శర్మగారు లేని రోజు మీదే కొత్త బంతి సార్, మూడు వందలు పూర్తి చేసే వెళ్ళండి" అన్నారు. ఇబ్బందల్లా ఒక్కటే. ఆఫీసులో కొత్తగా చేరిన రేవాడీ అబ్బాయి ఒకడున్నాడు, ఇరవై నాలుగేళ్ళు. నాన్నకంటే బాగా వేగంగా వేస్తాడు. చలికాలమంతా బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తూ తన వంతు కోసం చూశాడు.

"అతను కుర్రాడు, వచ్చే ఏడాది మొత్తం అతనిదే కదా" అన్నాడు నాన్న.

"వచ్చే ఏడాది ఆ అబ్బాయి ఇక్కడే ఉంటాడని మీకు ఎవరు చెప్పారండీ? అతనిదీ మీ ఉద్యోగమే" అంది అమ్మ.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. వెనకటి ఊళ్ళో చదివినప్పుడు త్రోబాల్ టీమ్‌లో ఏడాదంతా నేను రిజర్వులో కూర్చున్నాను. పై తరగతి అక్కలకి అదే చివరి ఏడాది, వాళ్ళని ఆడనివ్వాలి, వచ్చే ఏడాది నీదే అన్నారు. న్యాయంగానే ఉందనిపించింది. వచ్చే ఏడాది వచ్చేసరికి మేము ఫరీదాబాద్‌లో ఉన్నాం. ఇక్కడ నా ఆట ఎవరికీ తెలియదు, మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఒకే ఊళ్ళో పెరిగే పిల్లలకి "వచ్చే ఏడాది" అంటే ఒక మాట. మనకి అది వేరే మాట.

అందుకే నాకు తోచింది ఇది. అంకె కోసం ఆడటం తప్పు కాదు. ఇరవై ఏళ్ళు వంచిన నడుముకి ఒక గుర్తు కావాలనుకోవడం అత్యాశ కాదు. కానీ అంకె ఆడేవాడిది, బంతి టీముది. అంకె కోసం ఎదురుచూసే ప్రతి రోజూ ఇంకొకరి రోజులోంచే వస్తుంది. కాబట్టి తీసుకునేవాడు రెండు పనులు చేయాలి. పోర్ట్ ఎలిజబెత్‌లో కపిల్‌లాగా ఆ రోజుకి తగిన పని చూపించాలి. మురళీధరన్‌లాగా ఎప్పుడు ఆపుతాడో ముందే చెప్పాలి. ఇక మిగతావాళ్ళం చేయవలసిన పని ఒకటుంది. బెలూన్లు ఎగరేసేటప్పుడు పదకొండు వికెట్లు తీసినవాడి పేరూ, బయట కూర్చున్నవాడి పేరూ కూడా చెప్పుకోవాలి.

నాన్న ఏం చేశాడంటే, మొదటి ఆదివారమే కొత్త బంతి రేవాడీ అబ్బాయికి ఇవ్వమన్నాడు. తను మెరుపు పోయిన బంతితో తర్వాత నాలుగేసి ఓవర్లు వేశాడు. నాలుగు ఆదివారాల్లో ఐదు వికెట్లు. డైరీలో 296 అని రాసి, దాని కింద ఎప్పటిలాగే తేదీ వేశాడు.

నిజం చెప్పాలంటే మూడు వందలు కావాలని నేను కోరుకున్నాను. ఇప్పటికీ కొంచెం వెలితిగానే ఉంది. ఆ మాటే అడిగితే నాన్న డైరీని పుస్తకాల పెట్టెలో సర్దుతూ, "గువాహటిలో ఆదివారాలు ఉండవా ఏంటి?" అన్నాడు. అమ్మ పెట్టె మీద టేపు అతికించి, మార్కరుతో 17 అని నెంబరు వేసింది.