మాస్కు మీద మల్లెమొగ్గ

మమ్మల్ని గుర్తుపట్టడం మీకెప్పుడూ కష్టమే. చీరకట్టు చూస్తే మీలాగే ఉంటాం. నోరు తెరిస్తే కమలాపురం తెలుగే. పేరడిగితే మస్తానమ్మ అనో, దస్తగిరమ్మ అనో చెబుతాం. అప్పుడు మీ చూపు మారుతుంది. ఉర్దూ మాట్లాడే మా వాళ్ళేమో "మీకు మాటే రాదు, మీరేం ముసల్మానులు?" అంటారు. మేం దూదేకులవాళ్ళం. మా తాతలు వింటినారితో దూది ఏకి పరుపులు కుట్టారు. మిల్లు పరుపులొచ్చాక ఆ విల్లు అటకెక్కింది. సూదీ దారమూ మాత్రం మా చేతుల్లోనే ఉండిపోయాయి.

2020 మార్చి 25 ఉగాది. ఆ పండక్కి దేవుని కడప గుడికి పోవడం మా జిల్లా ముసల్మానులకు తరాల అలవాటు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ. ఆమెను చేసుకున్న వెంకటేశ్వరుడు మా అల్లుడు. ఆ యేడు సరిగ్గా ఉగాది నాడే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. గుడికీ తాళమే, మసీదుకూ తాళమే. రోగం అందరినీ సమానం చేసిందనుకున్నాం. మా అమాయకత్వం వారం కూడా నిలవలేదు.

ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. అక్కడి తబ్లిగీ సమావేశానికి పోయొచ్చినవాళ్ళలో మా జిల్లావాళ్ళూ ఉన్నారు. కొందరికి జబ్బు తేలింది. అది నిజమే, మేం కాదనలేదు. కానీ జబ్బుపడిన మనిషిని రోగి అంటారు. టీవీలో మా వాళ్ళను మాత్రం ముద్దాయిలన్నారు. ఢిల్లీ ఏ దిక్కునుందో తెలియని మేం కూడా కమలాపురంలో మా అరుగు మీద కూచునే ముద్దాయిలమయ్యాం.

ఆ ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామంది. పొదుపు సంఘాల ఆడవాళ్ళ చేత కుట్టించింది. మా ఇంట్లో జేజి, ఇద్దరు కోడళ్ళం, ఒక ఆడబిడ్డ. రెండు మిషన్లు. తెల్లారింది మొదలు గుడ్డ కత్తిరించడం, మూడు మడతలు పెట్టడం, నాడాలు కుట్టడం. ఆ మాస్కుల మీద ఎవరి పేరూ లేదు. అవి ఊరూరికీ పోయాయి. ఎవరు కుట్టారని ఎవరూ అడగలేదు.

మిగిలిన నూలుగుడ్డతో నాలుగు మాస్కులు కుట్టి, మా వీధిలోనే ఉన్న ఒకామెకు పంపాం. ఇరవై ఏళ్ళుగా ఆమె జాకెట్లు కుట్టింది మేమే. మరునాడు పొద్దున చూస్తే ఆ నాలుగూ మా అరుగు మీద ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా పైన ఒక రాయి. ఆమె ఒక్క మాటా అనలేదు. ఏదన్నా అనుంటే తిరిగి ఒక మాటైనా అనేవాళ్ళం. రాయితో ఏం మాట్లాడతాం?

జేజి వాటిని సబ్బుతో ఉతికి ఎండకేసింది. సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకుని అతుకులు విప్పడం మొదలుపెట్టింది.

"బాగున్నేటివి ఎందుకు విప్పుతాండావ్?" అన్నాం.

"పువ్వు కుట్టాలంటే పై గుడ్డ మీదనే కుట్టాల. రెండు పొరలూ కలిపి పొడిస్తే పొడిచినకాడల్లా బొక్కే. ఇంగ మాస్కు ఎందుకు?"

ముక్కుకూ నోటికీ ఎదురుగా సూది పెట్టనివ్వలేదు. చెంప పక్కన, అంచుకు దగ్గరగా మాత్రమే. రెండు పోగుల దారం. తీగకు కాడ కుట్టు, ఆకుకు గొలుసు కుట్టు, మొగ్గకు ముడి కుట్టు. ముళ్ళు వెనకవైపు పడితే లోపలి గుడ్డ వాటిని కప్పేస్తుంది, చర్మానికి గీరుకోవు. ఎర్రదారం రంగు దిగుతుందేమోనని ముందు వేడినీళ్ళలో ముంచి చూసింది. చెమ్కీలు, పూసలు వద్దంది. రోజూ ఉతికే గుడ్డ మీద అవెన్నాళ్ళుంటాయి? కుట్టు పూర్తయ్యాక లోపలి గుడ్డను మళ్ళీ జతచేసి చుట్టూ అతుకేసింది.

చిన్న కోడలికి రోషం ఎక్కువ. "మల్లెమొగ్గలెందుకు? నెలవంక కుడదాం. ఎట్లాగూ మన మొగాన రాసేసినారు కదా" అంది.

"కుట్టుకో. నాకేం భయంల్యా. ఆయమ్మ సూడాలని కుడతాండావా, నీకిష్టమై కుడతాండావా, అది సెప్పు" అంది జేజి.

ఆ రాత్రి మాలో మేమే వాదించుకున్నాం. గుర్తు లేకుండా కుట్టిస్తే అందరూ కట్టుకుంటారు. గుర్తు తెలిస్తే రాయి పెట్టి తిరిగిస్తారు. మరి దాచుకోవాలా, చూపించాలా? మేం తేల్చుకోలేదు. చిన్న కోడలు నెలవంకే కుట్టుకుంది. వంపు తిరగకపోతే జేజే సూది అందుకుని సరిచేసింది. జేజి తనకు మల్లెమొగ్గలు కుట్టుకుంది. పిల్లలవి కలిసిపోకుండా ఒకడికి గాలిపటం, ఒకదానికి మామిడిపిందె. బురఖా వేసుకునే మా చుట్టాలమ్మాయి ఫోన్లో నవ్వింది. "ఇప్పుడు ఊరంతా మొహం మూసుకునుందే. ఎందుకని ఒక్కరూ అడగరేం?"

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లిగీకి వచ్చిన 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టేసింది. వాళ్ళను బలిపశువులను చేసినట్టు కనిపిస్తోందంది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు వాళ్ళకు ఆశ్రయమిచ్చారన్న 70 మంది భారతీయుల మీద కేసులూ కొట్టేసింది. ఆ ఏప్రిల్‌లో రాత్రీ పగలూ అరిచిన టీవీలు ఈ తీర్పులను అంత గట్టిగా చదవలేదు.

ఆ యేడు మే 25న రంజాన్ పండగ. ఈద్గాకు పోలేదు, నమాజు ఇంట్లోనే. పండగైన కొన్నాళ్ళకు ఆ వీధి ఆమె మా గేటు దగ్గర నిలబడింది. జేజి చెంప వైపు చూస్తూ, "ఆ మొగ్గలు బాగుండాయి పెద్దమ్మా, మా పాపకొకటి కుట్టిస్తావా?" అంది.

కుట్టిచ్చాం. కూలి తీసుకున్నాం. రాయి సంగతి ఆమె ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాం.