మంచినీళ్ళ బావి

మా ఊరు జగ్గయ్యపేట సమీపమున నున్న ఒక చిన్న గ్రామము. 2022లో నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, నా నోట నేటికిని కృష్ణాజిల్లా మెట్టయనియే వచ్చును.

ఊరిలో రెండు బావులుండెడివి. ఒకదాని నీట పప్పు ఉడికెడిది కాదు. రెండవదాని నీరు అద్దమువలె తేట. పప్పు చిటికెలో ఉడికెడిది. దానికే మంచినీళ్ళ బావియని పేరు. మా చెల్లెలి పండ్లపై గోధుమరంగు చారలుండెడివి. పండ్లు సరిగా తోముకొనదని ఇరుగుపొరుగువారు ఆక్షేపించెడివారు. పాపము, అది నవ్వునపుడెల్ల నోటికి చేయి అడ్డము పెట్టుకొనెడిది.

1978లో నేను కళాశాలలో రసాయనశాస్త్రము చదువుచుంటిని. నందిగామ వాస్తవ్యులైన మా ఆచార్యులకు విశ్లేషణ రసాయనమే ప్రాణము. చెల్లెలి సంగతి విని, "ఆ మంచి నీరే ఒక సీసాడు తెమ్మోయి" అనిరి. సున్నపుపాలు తక్కువైన నీటిలోనే ఫ్లోరైడు హెచ్చుగా నిలుచునని నాకప్పుడు తెలియదు. నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని షార్ట్ మొదలగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి.

జిర్కోనియము, అలిజరిను కలిసిన ఎఱ్ఱని ద్రావణములో నీటిని పోసిరి. ఫ్లోరైడు జిర్కోనియమును తనవైపు లాగుకొనును. ఎఱుపు తగ్గి పసుపు తేలును. మా బావినీరు పోయగానే ఎఱుపు వెలవెలబోయెను. "రంగును చూచి పాళ్ళు చెప్పుట మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి వెన్నతో పెట్టిన విద్య. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరమును నీలిరంగుతో కొలిచిరి" అని ఆచార్యులు మురిసిపోయిరి. నాకు మాత్రము చెల్లెలి ముఖమే కనబడుచుండెను.

నాగపూరు పరిశోధనాలయమువారు ఆ దశకముననే రూపొందించిన నల్లగొండ పద్ధతిని మా ఇంట ప్రయత్నించితిమి. నీటిలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక వేసి కలిపి, గంటసేపు కదలక యుంచవలెను. పటికనుండి పుట్టిన తెల్లని మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగంటును. తేరిన నీటిని కొనిపోయి పరీక్షింపగా ఎఱుపు చెక్కుచెదరలేదు! నేను గంతులు వేసితిని.

ఆచార్యులు గంతులు వేయలేదు. "నీటిలో అల్యూమినియము మిగిలియుండవచ్చును. అది ఫ్లోరైడును కౌగిలించుకొన్నచో ఎఱుపు తగ్గదు. ముందు రెంటిని వేరుచేయవలెను" అనిరి.

"ఊరివారు ఎదురుచూచుచున్నారండీ."

"త్రాగెడిదియు వారే కదటోయి!"

1933లో విల్లర్డు, వింటరు అను శాస్త్రజ్ఞులు చూపిన స్వేదనపద్ధతిని చేపట్టితిమి. గాఢామ్లముతో నీటిని మరిగించిన, ఫ్లోరైడు సిలికాతో జతగూడి ఆవిరియై వచ్చును. అల్యూమినియము కుప్పెలోనే నిలిచిపోవును. ఆ మధ్యాహ్నమంతయు ఉష్ణమాపకిని చూచుచు కూర్చుంటిమి. నాకు ఆకలియు దోచలేదు. చల్లారిన ద్రవమును పరీక్షింపగా ఎఱుపు మరల వెలసెను. ఫ్లోరైడు తగ్గినది నిజమే, చాలినంత తగ్గలేదు.

సంతోషవార్తతో వెళ్ళవలసినవాడను, పటికపాలు పెంచవలెనని చెప్పుటకు వెళ్ళితిని. కొందరు నవ్విరి. అమ్మ మాత్రము బిందె దింపి, "ఎంత వేయవలెనో చెప్పుము" అనెను. మూడు వారములు సీసాలు మోసితిని. తుదకు స్వేదనము చేసిన పిదపను ఎఱుపు నిలిచెను.

చెల్లెలి పండ్లచారలు పోలేదు. ఒకసారి ఏర్పడినవి పోవు. దాని కూతురు మా ఇంటనే, ఆ తేర్చిన నీరు త్రాగి పెరిగినది. ఆ పిల్ల నవ్వునపుడు చేతులు రెండును ఒడిలోనే యుండును.