కొండ మీద ధనుర్మాసం

సాలూరు దాటి ఘాట్‌రోడ్డు ఎక్కి సుంకి, పొట్టంగి, సిమిలిగుడల మీదుగా వెళ్తుంటే బస్సులో ఒక్కొక్కరే శాలువాలు తీస్తారు. కొరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు దాదాపు ఆరు డిగ్రీలు వేడి తగ్గుతుందని లెక్క. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే మనవాళ్లు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. మైదానం నుంచి భాషతోపాటు దినచర్యనూ పైకి తెచ్చుకున్నారు. చిక్కంతా ఆ రెండోదానితోనే.

సునాబెడలో ఉన్న మా పెద్దక్కకు 71 ఏళ్లు. ధనుర్మాసం వస్తే నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం, ముగ్గు, దీపం, ఆ వెంటనే గచ్చు మీద చాప పరచి ఆసనాలు. రెండేళ్లుగా రక్తపోటుకు మాత్రలు వాడుతోంది. చలికి రక్తనాళాలు బిగుసుకుని పోటు పెరుగుతుందని, తెల్లవారుజామున జాగ్రత్తగా ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారు.

“ఒరే తమ్ముడూ, సాలూరులో నూతి దగ్గర చన్నీళ్లు పోసుకున్నదాన్ని. ఇప్పుడు వేణ్ణీళ్లంటే వ్రతం చెడదూ?” అంది. ఆమె బాధ నీళ్ల గురించి కాదు, పుట్టిల్లు చేజారుతుందేమోనని.

పురాణాలు చెబితే వినే మనిషి కాబట్టి వాగ్భటుణ్ణి పిలవాల్సి వచ్చింది. చలికాలంలో బలవంతులు కూడా సగం శక్తి మేరకే వ్యాయామం చేయాలని ‘అష్టాంగహృదయం’లో ఉంది. హేమంతంలో ఒంటికి నూనె మర్దన, గోరువెచ్చని నీళ్లు ఆయన చెప్పినవే. ఆ మాటకు అక్క మెత్తబడింది.

స్నానం వేణ్ణీళ్లకు మారింది. ఆసనాలు ఎనిమిదింటికి, వరండాలో ఎండ పడ్డాక. చాప కింద బొంత. ముందు అరచేతులు, మోకాళ్లు, భుజాలు రుద్దుకుని, పన్నెండు సూర్యనమస్కారాలకు బదులు ఆరు, నిదానంగా. వేసవిలో చేసే శీతలి ప్రాణాయామం మానేసి, ఊపిరి బిగబట్టకుండా నాడీశోధన. శవాసనంలో మెడదాకా దుప్పటి. వారానికి రెండుసార్లు నువ్వులనూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి, ఆ గోరువెచ్చని నూనెతో మర్దన, తరవాత సున్నిపిండి. నూనె అంటిన కాళ్లతో గచ్చు మీద నడవవద్దని మాత్రం పదేపదే చెప్పాలి. చలిలో దాహం వేయదు కనుక పక్కన గోరువెచ్చని నీళ్ల చెంబు. పొద్దున చోడిజావ, ఒడియావాళ్లు దాన్నే మాండియా అంటారు.

మరొకటి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. ఆ పొగలోని విషవాయువుకు వాసన కూడా ఉండదు. దీని మీద మాత్రం అక్కతో బేరం పెట్టలేదు, కుంపటి పెరట్లోకి పోయింది.

ఇప్పుడు ఎనిమిదింటికి పక్కింటి ఒడియా ఆవిడ కూడా తన చాప పట్టుకుని వస్తోంది. ముగ్గు మాత్రం అక్క ఇంకా చీకట్లోనే పెడుతుంది, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని.