పట్టు - విడుపు

నేను ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయ వృత్తిలో నుండి, ప్రధానోపాధ్యాయుడనై విరమించితిని. నా యొద్ద పాఠములు చదివినవారు వేలకొలది కలరు. అయినను ఈ వయసున నాకొక పాఠము చెప్పినది నా మనుమరాలు. ఆమె యేడేండ్ల పిల్ల.

వేసవి సెలవులకు ఆమె తెనాలిలోని మా యింటికి వచ్చెను. తండ్రి కొనియిచ్చిన చిన్న సైకిలును వెంట తెచ్చుకొనెను. "తాతయ్యా, నువ్వే నేర్పాలి" అని పట్టుపట్టెను. నేను సంతోషముతో అంగీకరించితిని.

నేను సైకిలు నేర్చినది 1970 ప్రాంతమున. ఆ దినములలో మా పల్లెలో పిల్లల సైకిళ్ళు లేవు. గంటకు పావలా యిచ్చి, అంగడిలో పెద్దల సైకిలును అద్దెకు తెచ్చుకొనెడివారము. సీటు నా భుజముల యెత్తున నుండెడిది. చట్రము నడుమ నుండి కాలు దూర్చి, ఒక ప్రక్కకు ఒరిగి తొక్కవలసివచ్చెడిది. మా అన్నయ్య వెనుక పట్టుకొని పరుగెత్తుచు, "పట్టుకొనే ఉన్నాను, తొక్కు" అనుచునే చేయి విడిచెను. కొంత దూరము పోయి వెనుదిరిగి చూచి, ముండ్లకంపలో పడితిని. ఆ మచ్చ నేటికిని మోకాలిపై కలదు. అయినను నాకు సైకిలు వచ్చినది గదా! నేర్పుటకు అదియే పద్ధతి యని నమ్మితిని.

మనుమరాలికిని అట్లే నేర్పబూనితిని. మూడవ నాటి ఉదయమున ఆటస్థలములో సీటు పట్టుకొని పరుగెత్తుచుంటిని.

"పట్టుకున్నావా తాతయ్యా?"

"పట్టుకునే ఉన్నానమ్మా!" అనుచు చేయి తీసితిని.

పది బారలు పోయిన పిదప నా గొంతు దూరమున వినబడుటచే ఆమె వెనుకకు చూచెను, వెంటనే పడెను. మోచేయి గీరుకొనిపోయెను. నేను పరుగున పోయి లేవనెత్తితిని. ఆమె యేడ్వలేదు. నా కన్నులలోనికి చూచి, "వదిలేసి, పట్టుకున్నానని ఎందుకు చెప్పావు?" అని యడిగెను.

నా యొద్ద సమాధానము లేకపోయెను. సత్యమునే పలుకవలెనని నల్లబల్లపై ఎన్ని మారులు వ్రాసితినో లెక్క లేదు. నేడొక పసిబిడ్డ ప్రశ్నకు తలవంచుకొని నిలిచితిని.

రెండు దినములు ఆమె సైకిలును ముట్టలేదు. అది యట్లుండనిండు. ఆ రాత్రి భోజనము వేళ నేను మామిడిపండు ముక్క నందించి, "తియ్యగా ఉంది, తిను" అంటిని. ఆమె తినక, నిజమేనా యన్నట్లు వాళ్ళ అమ్మమ్మ వంక చూచెను. మోచేతి గాయము కన్న ఆ చూపు నన్ను ఎక్కువ బాధించినది.

మరునాడు ఆమెను చేర బిలిచి, "తప్పు నాదే తల్లీ. ఇక చెప్పకుండా వదలను" అంటిని. ఆమె కొంతసేపు ఆలోచించి తల యూపెను.

ఇరువురమును సైకిలు దుకాణమునకు పోయి పెడళ్ళు తీయించితిమి. ఎడమ పెడలు మర తక్కిన మరలకు విపరీతముగా తిరుగునని అచటి పనివాడు ఆమెకు చూపెను. రెండు పాదములును నేలకు ఆనునట్లు సీటును దించెను. 1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ అనునతడు నిర్మించిన రెండు చక్రముల బండికిని పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుచు దానిని నడపెడివారు. పెడళ్ళు కొన్ని దశాబ్దముల తరువాత వచ్చినవి. మొదట పడకుండ నిలుచుట, పిదప తొక్కుట: సైకిలు పెరిగిన వరుసయే నేర్చుకొనుటకును తగిన వరుస.

నాలుగు దినములలో ఆమె కాళ్ళు పైకెత్తి దూరముగా దొరలిపోవుట నేర్చెను. బండి ఏ వైపునకు ఒరిగిన ఆ వైపునకే హాండిలును కొంచెము త్రిప్పవలెను. అప్పుడు చక్రములు మరల మన బరువు క్రిందికి వచ్చును. భయపడినవాడు ఎదుటి వైపునకు త్రిప్పి పడిపోవును.

అయిదవనాడు పెడళ్ళు బిగించితిమి. "ఆ వేపచెట్టు దగ్గర వదులుతాను. వదిలేముందు చెబుతాను" అంటిని. సీటు పట్టుకొని రొప్పుచు పరుగెత్తితిని. చెట్టు వచ్చెను.

"వదులుతున్నానమ్మా!"

"వదులు తాతయ్యా!"

విడిచితిని. ఆమె వెనుకకు చూడలేదు. ఆటస్థలము చుట్టును తిరిగి, నా యెదుటకు వచ్చి బ్రేకు వేసి ఆపెను. నాకు మాట రాలేదు. ఆ రాత్రి నేనిచ్చిన మామిడిముక్కను ఆమె ఎవరి వంకను చూడక నోట వేసికొనెను.

పట్టువిడుపులు తెలియవలెనని పెద్దలందురు. బాలబాలికలారా! రేపు మీరును తమ్మునికో, చెల్లెలికో సైకిలు నేర్పుదురు. గట్టిగా పట్టుకొనుడు, సమయము వచ్చినపుడు విడువుడు. కాని చెప్పి విడువుడు.