ఉక్కు నగరంలో తీగెల కథ

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దాపున ఒకప్పుడు సాక్చీ అనే పల్లె ఉండేది. 1908లో అక్కడ ఉక్కు కర్మాగార నిర్మాణం ఆరంభమయింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ వెలువడింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాళీమాటి రైలు స్టేషను టాటానగర్ అయింది. ఉత్తరాంధ్ర నుండి పని వెతుక్కుంటూ వచ్చిన మనవారు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరంలో దర్శనం చేసుకొని వస్తూంటే శ్రీకాకుళపు పలుకుబడి చెవికి హాయిగా సోకుతుంది.

మొదటి వస్తువూ వేయవ వస్తువూ ఒక్క తీరుగా ఉండాలి. ఇదే ఈ నగరం నేర్చిన విద్య. బిష్టుపూర్ బజారులో ఒక దుకాణపు అద్దాల వెనుక వ్రేలాడుతున్న ఎలక్ట్రిక్ గిటార్లను చూచినప్పుడు, అవి ఈ ఊరికి చుట్టాలే అనిపించింది. ఉక్కు తీగె లేనిదే వాటికి గొంతు లేదు. తీగె కంపించగానే దాని క్రింది అయస్కాంత క్షేత్రం చలిస్తుంది. అయస్కాంతం చుట్టూ ఉన్న రాగి తీగెలో విద్యుత్తు పుడుతుంది. దానినే పెద్దది చేసి మనకు వినిపిస్తారు. పేగుతో చేసిన తీగె ఎంత మీటినా ఆ అయస్కాంతం పలకదు.

కాని ఈ సింగ్‌భూమ్ నేల కర్మాగారానికి ముందే సంగీతం ఎరుగును. ఇక్కడి సంతాలుల వాద్యాలలో ధోద్రో బానం ఒకటి. ఒకే దుంగను తొలిచి, పొట్టకు తోలు బిగించి, కమానుతో పలికిస్తారు. దాని భాగాలను తల, చెవులు, మెడ, రొమ్ము, పొట్ట అని మనిషి అవయవాల పేర్లతోనే పిలుస్తారు. ఒక బానం వలె మరొక బానం ఉండదు. ఉండాలని ఎవరూ కోరరు.

అక్కడ మనిషి చేయి, ఇక్కడ యంత్రం అని గీత గీయడం సులభం. పందొమ్మిదవ శతాబ్దిలో జాన్ రస్కిన్ అటువంటి గీతనే గీశాడు. యంత్రపు నున్నదనాన్ని నిరసించి, చేతిపనిలోని లోపంలోనే పనివాని స్వేచ్ఛను దర్శించాడు. ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర ఆ గీతకు అంత తేలికగా లొంగదు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు. గిటార్ వాయించడం ఆయనకు రాదు. 1950లో ఆయన విపణికి తెచ్చిన గిటార్‌కు బోలు పొట్ట లేదు. అది ఒక దళసరి చెక్క పలక. మెడను జిగురుతో అతకక నాలుగు మరలతో బిగించాడు. మెడ పాడయితే విప్పి వేరొకటి బిగించుకోవచ్చు. 1951లో వచ్చిన ప్రెసిషన్ బేస్‌దీ ఇదే పద్ధతి. సామాన్య వాద్యకారునికి గిటార్ అందుబాటులోకి రావడానికి ఈ ఏర్పాటు ఎంతో తోడ్పడింది.

అయితే ఆ కర్మాగారంలో చేతులు ఊరుకోలేదు. వెంట్రుకంత సన్నని రాగి తీగెను సుమారు 8,000 చుట్లు చుట్టాలి. చుట్టను త్రిప్పేది యంత్రం. తీగెను నడిపేది మనిషి వ్రేళ్లు. 1956లో చేరిన అబిగేల్ ఇబారా అనే కార్మికురాలు ఈ పనిలో ఎంత పేరు పొందిందంటే, 2013లో ఆమె విరమించే నాటికి ఆమె చుట్టినవాటి కోసం వాద్యకారులు ప్రత్యేకంగా వెతికేవారు. 1965లో ఆ సంస్థను సీబీఎస్ కొన్నది. ఆపైన నాణ్యత తగ్గిందని వాద్యకారుల అభియోగం. నేటికీ 1965కు ముందటి గిటార్లకు విపరీతమైన ధర పలుకుతుంది. అవీ యంత్రాలపై తయారైనవేనన్న సంగతి మరువరాదు! 1985లో సంస్థ మళ్లీ చేతులు మారింది. 1987లో, నిపుణులు కొద్దికొద్దిగా గిటార్లు తీర్చే ప్రత్యేక విభాగాన్ని తానే తెరిచింది.

ఇక మన వైపు చూద్దాం. జంషెడ్‌పూర్ తెలుగువారిలో అనేకుల పూర్వులు విడిచివచ్చిన ఆ ఉత్తరాంధ్రలోనే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లి ఉంది. అక్కడ సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనస దుంగ నుండి వీణను మలుస్తారు. గిటార్ మెట్ల స్థానాలను గణితం ముందే నిర్ణయిస్తుంది. యంత్రం అక్కడ గాడి కోస్తుంది. వీణ 24 మెట్లను మాత్రం శ్రుతి వింటూ, మైనం మీద ఒక్కొక్కటిగా నిలపాలి. ఈ పనిని చెవి లేని చేయి చేయలేదు.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించింది. బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణలకు గిరాకీ ఉంది. ఆ గిరాకీ కొన్ని ఇండ్లలో పొయ్యి వెలిగిస్తుంది, సంతోషమే. కాని అద్దాల బీరువాలో కూర్చునే వీణకు శ్రుతి అక్కరలేదు. పలుకవలసిన వీణలను అడిగేవారు తగ్గితే, ఉలి పట్టే చేయి మిగిలినా శ్రుతి పట్టే చెవి తరువాతి తరానికి అందదు.

కర్మాగారం కారణంగా కార్మికుని బిడ్డ చేతికి గిటార్ వచ్చింది. అది నిందింపదగినది కాదు. చేతిపనికి అసలు శత్రువు వినేవాడు లేకపోవడం. ఇబారా వ్రేళ్ల పనిని ఫుల్లర్టన్‌లో నిలబెట్టింది, తేడా గుర్తుపట్టిన వాద్యకారుల చెవులే. బానానికైనా, వీణకైనా కావలసినది అటువంటి చెవులే. మనింట ఒక బిడ్డ వీణ నేర్వాలని ముచ్చటపడితే, గొల్లపల్లికి ఒక ఉత్తరం వ్రాయడం అందుకు మంచి ఆరంభం.